ఎర్రగుడ్డ కట్టని తూము

గోదావరి నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. మా చెరువులో రొయ్య మీసంతో గేదెను కట్టేశానని బడిలో పిల్లల్ని నమ్మించి, హెడ్మాస్టరు గారు స్వయంగా చూడ్డానికి బయల్దేరేదాకా తెచ్చినవాణ్ణి. అయినా ఈసారికి నమ్మండి.

తొంభైల నడుమ, ముప్ఫై దాటిన వయసులో నాకు రెండు పిచ్చిలు పట్టాయి. ఒకటి రొయ్యలు. భీమవరం చుట్టుపక్కల ఆ పిచ్చి పట్టనివాడు అప్పుడు లేడు. రెండోది ఫిలాసఫీ ఎం.ఏ. బడిలో సోషల్ చెప్పుకుంటూ దాన్ని ప్రైవేటుగా కట్టాను. సాయంత్రాలు కౌలు చెరువు గట్టు మీద, తాటాకు పాకలో కూర్చుని నీతిశాస్త్రం పేపరు చదువుకునేవాణ్ణి.

పక్క చెరువు మా ఊరి రైతుది. వరసకు నాకు బాబాయి. ఆయనకున్నదల్లా రెండెకరాల వరిచేను. అందరినీ చూసి దాన్ని తవ్వించి ఉప్పునీళ్లు పెట్టాడు. రెండు పంటలు పోయాయి. ఉప్పెక్కిన ఆ నేల ఇక వరికి పనికిరాదు, ఈ మూడోదీ పోతే మళ్లీ రొయ్య వేసే స్తోమతు ఆయనకుండదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

బాబాయి తన చెరువుకు మేత వేసి వచ్చి నా పాక ముందు చతికిలబడేవాడు.

"ఏరా అబ్బాయ్, ఇయ్యాల ఏ దొర ఏం చెప్పాడు?"

"జర్మనీ ఆయన బాబాయ్. ఫలితం సంగతి వదిలెయ్, కర్తవ్యం చెయ్ అంటాడు. నువ్వు చేసే పని లోకమంతా చేస్తే ఎలా ఉంటుందో చూసుకుని మరీ చెయ్యమంటాడు."

"ఆయనకి పెళ్లయిందా?"

"లేదు."

"అదీ సంగతి."

ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించేదే మంచి పని అన్న ఇంగ్లీషువాళ్ల మాట చెబితే ఆయన బీడీ వెలిగించాడు. "లెక్క కట్టేదెవడంట? ఎవడు కట్టినా తన ఇల్లే ముందు రాసుకుంటాడు కదరా" అన్నాడు. మంచితనం ఒక అలవాటనీ, చేయగా చేయగా అబ్బుతుందనీ చెప్పిన గ్రీకు పెద్దాయన ఒక్కడే ఆయనకు నచ్చాడు. "చెరువు గట్టు తిరగడం లాంటిదన్నమాట. ఒక్కరోజు మానేత్తే?"

"ఒక్కరోజుకేం కాదులే బాబాయ్."

"ఆ ఒక్కరోజే రొయ్య చత్తాది."

మా చెరువులన్నిటికీ ఒకటే కాలువ. సముద్రం పోటు మీద నీళ్లెక్కినప్పుడు ఇంజన్లతో తోడుకోవడం, పాతనీళ్లు మళ్లీ అందులోకే వదలడం. తెల్లమచ్చల రోగం మొదలయ్యాక మాలో ఒక కట్టుబాటు వచ్చింది. ఎవరి చెరువులో రోగం కనబడితే వాళ్లు తూము మూసి, పక్కన కర్రకు ఎర్రగుడ్డ కట్టాలి. అది చూసి మిగతావాళ్లు ఇంజన్లు ఆపుకుంటారు. రోగమున్న నీళ్లు బయటికి పోకుండా బ్లీచింగు కొట్టాలి. అంటే ఆ పంట మీద ఆశ వదులుకోవడమే.

ఒక ఆదివారం పొద్దున నా రొయ్యలు గట్టు వారకు వచ్చి మందకొడిగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి తల మీది డిప్ప ఒలిచి వెలుతురుకు పెట్టాను. లోపల తెల్లటి చుక్కలున్నాయి. తూము మూస్తే అంతా పోతుంది. తూము ఎత్తి, దాని నోటికి వల కట్టి, నీళ్లన్నీ కాలువలోకి వదిలేస్తే చావని రొయ్యంతా సాయంత్రానికి నా చేతికొస్తుంది.

ఆ పూట నేను చేసినంత తత్త్వవిచారం పరీక్షకు కూడా చెయ్యలేదు. మా ఇంట్లో ఐదుగురం, వల లాగే నలుగురు, వాళ్ల పిల్లలు ఒకవైపు. బాబాయి ఇంట్లో ముగ్గురు ఒకవైపు. సుఖం లెక్క నాకు అనుకూలంగానే తేలింది. మంచి అలవాటు ఒక్కనాడు తప్పితే పోదని గ్రీకు పెద్దాయన చేత కూడా అనిపించుకున్నాను. కర్తవ్యం పాఠం మాత్రం తియ్యలేదు. ఎర్రగుడ్డ కడితే నా రొయ్య రోగపుదని కొనేవాడికి తెలిసిపోతుంది. కట్టలేదు. తూము ఎత్తాను.

అది పోటు వేళ. కేకేస్తే వినబడే దూరంలో బాబాయి ఇంజను ఒక్కటే ఆడుతోంది.

"ఏంటిరా, అప్పుడే పట్టేత్తన్నావ్?" అని గట్టు మీంచి అడిగాడు.

"రేటు బాగుంది బాబాయ్."

"మంచి పని చేశావ్."

ఇంజను ఆడుతూనే ఉంది.

ఆరో రోజున ఆయన రొయ్యలు గట్టుకొచ్చాయి. బాబాయి తూము మూశాడు. పిన్ని పాత ఎర్రచీర చింపి కర్రకు కట్టాడు. ఒక్క రొయ్య కూడా పట్టకుండా బ్లీచింగు కొట్టి, చచ్చినవాటిని గొయ్యి తీసి పూడ్చాడు. ఆ గుడ్డ చూసి కిందివాళ్లు ఇంజన్లు ఆపుకున్నారు. వాళ్ల చెరువులు దక్కాయి.

నెలలోపే రాజమండ్రిలో నా పరీక్ష. సద్గుణం, కర్తవ్యం, సుఖం, ఈ మూడు సిద్ధాంతాలనూ పోల్చమన్నారు. ఉదాహరణకు రెండు చెరువులు తీసుకుని, అవి ఎవరివో చెప్పకుండా పదకొండు పేజీలు నింపాను. మంచి మార్కులే వచ్చాయి.

పరీక్ష రాసి వచ్చిన మర్నాడు బాబాయి పాకకొచ్చి మంచం మీద కూర్చున్నాడు. "నీ చోట నేనున్నా తూము ఎత్తేవోణ్ణేరా. నీ దొరలు ముగ్గురూ రొయ్యలేసుంటే ముగ్గురూ ఒకటే రాసేవోళ్లు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇదిగో, నేను కల్పించింది ఈ రావడమే. రోగం నా తూములోంచే వచ్చిందని ఊరికి తెలిశాక బాబాయి నా పాక ఛాయలకు రాలేదు. మొదట్లో బాబాయి ఏమన్నాడని ఎవరైనా అడిగితే "ఏమీ అన్లేదు" అనేవాణ్ణి, అంతవరకు నిజమే. రెండేళ్లకు అది "పర్వాలేదన్నాడు" అయింది. తర్వాత మంచం వచ్చింది, దొరలొచ్చారు, నవ్వొచ్చింది. చెప్పగా చెప్పగా ఇప్పుడు ఆ మంచం కిర్రుమనడం నాకే వినబడుతుంది.

ఆయన్ని మళ్లీ చూసింది కొన్నేళ్ల తర్వాత, జంగారెడ్డిగూడెం బస్టాండులో. అక్కడెక్కడో పామాయిల్ తోటలో కాపలా ఉంటున్నాడని అంతకుముందే విన్నాను. "బాబాయ్" అన్నాను. చేతిలో సంచి కింద పెట్టి దణ్ణం పెట్టాడు.

"బాగున్నారాండీ? పిల్లలు చదువుకుంటన్నారాండీ?"

చిన్నప్పట్నుంచీ నన్ను ఏరా అని తప్ప పిలవని మనిషి. ఇంతలో ఏదో బస్సొచ్చి ఆగింది.

"మీ బస్సొచ్చినట్టుందండి" అన్నాడు.

అది నా బస్సు కాదు. ఎక్కి కూర్చున్నాను.