జర్మన్ మేడ అటక మీద స్టోర్ రూము

2017లో నేను కువైట్‌లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ను. ఇళ్ళ ప్లాన్లు గీయడం నా పని. ఏ రోజు ఏ షీటు గీశానో డైరీలో రాసుకునే అలవాటు ఉండబట్టి ఈ వివరాలు చెప్పగలుగుతున్నాను.

జహ్రాలో ఇల్లు కట్టదలచిన ఒక కువైటీ పెద్దమనిషి వైద్యానికి జర్మనీ వెళ్ళి, అక్కడ పల్లెలో ఒక పాత జమీందారీ మేడలో బస చేశాడు. అచ్చం అలాంటిదే కావాలని ఫొటోలు, పాత ప్లాన్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ మేడను రెండు వందల ఏళ్ళ కిందట ఒక భూస్వామి కట్టించాడట. యుద్ధం తర్వాత ఆ కుటుంబం వెళ్ళిపోతే కొన్నాళ్ళు కాందిశీకులు ఉన్నారు, తర్వాత బడి నడిచింది, ఇప్పుడు హోటల్. మధ్యలో పెద్ద హాలు, అటూ ఇటూ సమానంగా రెండు భాగాలు, పైన మాన్సార్డ్ రూఫ్. అంటే ప్రతి వైపూ రెండు వాలులుగా విరిగే కప్పు. మంచు జారిపోవడానికి ఆ వాలు. పైన నల్లరాతి పలకలు. కప్పు కింద అటకలో ధాన్యం దాచేవారు, పనివాళ్ళు పడుకునేవారు. కింది పొయ్యిల వేడి పొగగొట్టాల వెంట అక్కడికి చేరేది.

అటకతో సహా మొత్తం కొలత తప్పకుండా దించాను. కప్పులోంచి ముందుకు పొడుచుకొచ్చే డార్మర్ కిటికీలు పన్నెండు. దుమ్ము వస్తుందని ఓనరు వాటిని అలంకారానికే ఉంచమన్నాడు, లోపల గోడే. అటక మీద పనిమనిషి గదికి 'స్టోర్' అని పేరు రాశాను. పడుకునే గది అంటే మునిసిపాలిటీకి ఇచ్చే ప్లానులో కిటికీ, ఏసీ చూపించాలి. స్టోర్ అంటే ఎవరూ ఏమీ అడగరు. ఆఫీసుల్లో అందరూ చేసే పనే.

రెండేళ్ళ తర్వాత జూన్‌లో, ఇల్లు అప్పగించాక మిగిలిన లోపాలు రాసుకోవడానికి వెళ్ళాను. దీన్నే స్నాగ్ లిస్ట్ అంటారు. స్టోర్‌లో ఒక పరుపు, చెంబు, పెట్టె ఉన్నాయి. పనిమనిషి రమణమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నా మాట వినగానే తన వైపు మనిషినని గుర్తుపట్టింది.

"మన దిక్కోళ్ళేనా న్నా?"

"రాయచోటమ్మా."

"మాది లక్కిరెడ్డిపల్లె. చూడు న్నా, పెనం మింద పడుకున్నట్టుండాది. శెనక్కాయలు పోస్తే ఒక్క పూటలో ఎండుతాయి ఈడ."

"మామాకు చెప్పలేదా?" అన్నాను. ఇంటావిడను మామా అని, ఇంటాయనను బాబా అని పిలవడం అక్కడి పనివాళ్ళ అలవాటు.

"చెప్పినా. జర్మనీలో పనోళ్ళు పైనే పండుకుంటారంట, బాబా కండ్లారా చూసొచ్చినాడంట. నువ్వు ఆఫీసోడివి, నువ్వు చెప్తే ఇంటారు న్నా."

చెప్తానన్నాను. నా దగ్గరున్న థర్మామీటర్ పెట్టి చూస్తే నలభై ఏడు. డైరీలో రాసుకున్నాను.

ఆఫీసులో మా ఇంజనీరు ఖాదర్ భాయ్ హైదరాబాద్ మనిషి. తలెత్తకుండానే అన్నాడు: "స్టోర్ అని రాసింది నువ్వే గద పెద్దాయనా. ఇప్పుడు గది అంటే ముందు నిన్నే అడుగుతరు. నీ ఇఖామా రెన్యువల్ కాగితాలు సర్కారుకు పోయినయ్, ఈ నెల ఊకో. ఖలాస్."

ఊరుకున్నాను. ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్టే ఇఖామా; అది రెన్యువల్ కాగానే చెబుదామనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రమణమ్మ ఆ పరుపు మీదే చనిపోయింది. వడదెబ్బ అన్నారు.

ఓనరు డ్రాయింగులతో రమ్మన్నాడు. కోపం లేదు, ముఖం పాలిపోయి ఉంది. "అక్కడ అన్నేళ్ళు మనుషులు పడుకున్నారు. ఇక్కడ నెలకే ఎందుకిలా అయింది?" అని అడిగాడు.

"అది చలిని ఆపడానికి కట్టిన కప్పు, సార్. ఇక్కడ ఎండను లోపల పట్టి ఉంచుతుంది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఆయన ఆ వారమే గోడ కొట్టించి రెండు కిటికీలు తెరిపించాడు, ఏసీ పెట్టించాడు. షీటు మీద పేరు నేనే మార్చాను. నా ఇఖామా కూడా రెన్యువల్ అయింది.

ఒక ఇంటిని ఇంకో దేశానికి దించేటప్పుడు, అక్కడ దాన్ని అలా ఎందుకు కట్టారో ముందు తెలుసుకోవాలని కుర్ర ఇంజనీర్లకు చెబుతుంటాను. నాకు అది తెలిసే ఉందని మాత్రం చెప్పను. తర్వాత ఉద్యోగంలో ఉన్న మూడేళ్ళూ మనిషి పడుకునే చోటికి స్టోర్ అని రాయలేదు. అందుకే ఇద్దరు ఓనర్లు వేరే ఆఫీసుకు పోయారు. రిటైరై రాయచోటికి వచ్చేశాను. ఇక్కడి నుంచి లక్కిరెడ్డిపల్లెకు బస్సుంది. రమణమ్మ ఇంటికి ఇంకా వెళ్ళలేదు.