పదకొండేళ్లు తరిమి ఒక్కణ్ణీ పట్టుకోని జకర్యాగారు

జకర్యాగారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. పిల్లలు కనబడితే తరిమేవారు.

సీతాఫల్‌మండిలో మా వీధి చివరనున్న మునిసిపల్ పార్కుకి ఆయన సూపర్‌వైజరు. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, పిక్కల దాకా మేజోళ్లు. సాయంత్రం ఐదు కాగానే వంగి ఆ మేజోళ్లు రెండూ పైకి లాక్కున్నారంటే తరమడానికి సిద్ధమైనట్టే లెక్క. "ఒరేయ్! గడ్డి తొక్కుతార్రా!" అని ఒక్క కేక పెట్టి బయల్దేరేవారు. నిజానికి అప్పటిదాకా మేమెవరం గడ్డి మీద కాలు పెట్టేవాళ్లం కాదు. ఆ కేక విన్నాకే తొక్కేవాళ్లం.

గేటు పక్కన ఆయనకి అండగా ఒక బోర్డు ఉండేది. పూలు కోయరాదు. గడ్డి తొక్కరాదు. ఆటలు ఆడరాదు. అలా పదకొండేళ్లు తరిమారు. ఒక్కణ్ణి కూడా పట్టుకోలేదు.

తోటమాలి బిక్షానికి ఇది చూసి చూసి విసుగొచ్చింది.

"ఏంది సార్, రోజూ గిట్ల ఉరుకుతవ్. ఒక్క పోరన్ని సుత పట్టవ్. పరేషాన్ గాదా?"

"తరమడం నా డ్యూటీ, బిక్షం. పట్టుకున్నాక ఏం చెయ్యాలో రూల్సులో రాయలేదు."

ఏ రోజైనా మేం పార్కుకి వెళ్లకపోతే ఊరుకునేవారా అంటే అదీ లేదు. ఇంటికొచ్చి మా అమ్మని నిలదీసేవారు. "ఏమ్మా రాజ్యం, మీవాడు ఇవాళ గడ్డి తొక్కడానికి రాలేదే? ఒంట్లో బాగోలేదా?"

ఇక నా సంగతి చెప్పాలి. మాది మిఠాయి కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పిల్లాడు బొద్దుగా ఉంటేనే ఇంటికి కళ అని మా నాయనమ్మ నాంచారమ్మగారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి రుజువు నేను. పదకొండేళ్లకే మా నాన్న చొక్కాలు నాకు సరిపోయేవి. నన్ను ఎక్కించుకుంటే స్కూలు ఆటోవాడు ఇంకో ఇద్దర్ని దింపాల్సి వచ్చేది. స్కూలు పందేల్లో నేనెప్పుడూ ఆఖరే. ఒకసారి మొదటి పందెంలో నేనింకా పరుగెడుతూ ఉండగానే రెండో పందెం మొదలుపెట్టేశారు. అందులో నాకు మూడో బహుమతి వచ్చింది.

అలాంటి నన్ను జకర్యాగారు పట్టుకోలేకపోయేవారు! నాకు గర్వంగా ఉండదూ మరి? మొదట్లో అర చుట్టుకే ఊపిరాడక చతికిలబడేవాణ్ణి. సరిగ్గా అప్పుడే నాలుగడుగుల వెనక ఆయన బూటు లేసు ఊడిపోయేది. "కదలకు. లేసు కట్టుకుని వచ్చి పట్టుకుంటా," అని బెదిరిస్తూ ఆ లేసుని ఐదు నిమిషాలు కట్టేవారు. నాకు ఊపిరి అందేసరికి లేసు ముడి పడేది. మూడు నెలల్లో రెండు చుట్లు పరుగెత్తగలిగాను. ఆర్నెల్లకి నాలుగు. అయిదోది మాత్రం ఎన్నాళ్లకీ పూర్తయ్యేది కాదు.

ఆ డిసెంబరులో ఒక ఘోరం జరిగింది. క్రిస్మస్ నాటి పొద్దున్న ఆయన కోటు వేసుకుని, కేకు ముక్కల పళ్లెం పట్టుకుని మా ఇంటికొచ్చారు. తలుపు తీసింది నేను. ఆయన్ని చూడగానే అలవాటుకొద్దీ పరుగెత్తాను. నేను పరుగెత్తడం చూసి అలవాటుకొద్దీ ఆయనా పరుగెత్తారు. పెరట్లోంచి సందులోకి, సందులోంచి మెయిన్ రోడ్డుకి, అక్కణ్ణుంచి మళ్లీ మా ఇంటికి. పళ్లెంలోంచి ఒక్క ముక్క కింద పడలేదు. గుమ్మంలో నిలబడ్డ మా నాయనమ్మకి పళ్లెం అందించి, "హ్యాపీ క్రిస్మస్ అండీ," అన్నారు. ఆవిడ ఆ పళ్లెం విసురుగా లాక్కుంది.

ఆవిడకి జకర్యాగారంటే ఒళ్లు మంట. దానికి బలమైన కారణమే ఉంది. నాకు మా తాతగారి పేరు పెట్టారు. నరసరాజు. కట్టుకున్నవాడి పేరు నోటితో పలకకూడదని నాయనమ్మ నన్ను పుట్టినప్పటి నుంచీ "చిన్నబాబూ" అనే పిలిచేది. ఆవిడ నలభయ్యేళ్లుగా భద్రంగా దాచుకున్న ఆ పేరుని ఈయన రోజూ సాయంత్రం వీధి వీధంతా వినబడేలా, "ఒరేయ్ నరసరాజూ! ఆగరా!" అని అరిచేవారు. చక్కగా దీపం పెట్టుకునే వేళకి, స్వర్గంలో ఉన్న తాతగారిని పార్కు చుట్టూ తరుముతున్నట్టు ఉండేదట ఆవిడకి.

దాంతో మునిసిపాలిటీకి అర్జీ పెట్టింది. అందులో ఈ మాట రాయించడానికి మొహమాటపడి, "పార్కు ఉద్యోగి తరమడం వల్ల మా పిల్లాడు చిక్కిపోతున్నాడు," అని రాయించింది.

పది రోజులకి జీపు వచ్చింది. అందులోంచి రామభద్రరావుగారనే ఆఫీసరు దిగారు. ఆయన దిగాక జీపు జానెడు పైకి లేచింది. పార్కులో కుర్చీ వేయించుకుని విచారణ మొదలుపెట్టారు.

"పిల్లాడి పేరేమిటమ్మా?"

"మా ఆయన పేరేనండి," అంది నాయనమ్మ.

"మీ ఆయన పేరు?"

"మనవడి పేరేనండి."

రామభద్రరావుగారు కలం మూసేసి జకర్యాగారి వైపు తిరిగారు. "పిల్లల్ని ఎందుకయ్యా తరుముతున్నావు?"

జకర్యాగారు నిటారుగా నిలబడ్డారు. "సర్, ఈ వార్డులో పిల్లలు ఆటోలో బడికెళ్తారు, ఆటోలో వస్తారు. కొత్తగా కేబుల్ టీవీ వచ్చింది, దాని ముందు కూర్చుంటారు. రోడ్డు మీద ఆడదామంటే లారీలు, మేడ మీద ఆడదామంటే పిట్టగోడ లేదు. మిగిలింది ఈ పార్కొక్కటే. ఇక్కడేమో బోర్డు. పిల్లలు ఆడుకోవడానికి కాకపోతే పార్కెందుకు, మేకల కోసమా అని నాలుగు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. అందుకని బోర్డు జాగ్రత్తగా చదివాను సర్. ఆటలు ఆడరాదని ఉంది. పరుగెత్తరాదని లేదు."

రామభద్రరావుగారు లేచి వెళ్లి బోర్డు మొత్తం చదివొచ్చారు. తర్వాత ఆఫీసరునన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, గొంతు పెంచారు. "పదకొండేళ్లలో ఎంతమందిని పట్టుకున్నావు?"

"ఎవర్నీ లేదు సర్."

"అయితే ఈ ఉద్యోగం నీకు చేతకాదన్నమాట. అల్వాల్ నర్సరీకి వేసేస్తాను. మొక్కలైతే పరుగెత్తవు. లేదా, ఇదిగో, ఈ పిల్లాణ్ణి నా కళ్లముందు పట్టుకో. పట్టుకుంటే ఇక్కడే ఉంటావు."

ఆయన వెళ్లిపోతే నన్ను తరిమే దిక్కెవరు? లోకంలో నేను ఆఖరివాణ్ణి కాని చోటు అదొక్కటే. సరే, గర్వం పోతే పోయింది, ఇవాళ దొరికిపోదామని నిర్ణయించుకున్నాను.

జకర్యాగారు మేజోళ్లు పైకి లాక్కున్నారు. నేను పరుగు అందుకున్నాను. నాలుగో చుట్టులో కావాలని నెమ్మదించాను. ఆయనా నెమ్మదించారు. నడిచాను. ఆయనా నడిచారు. ఆగిపోయాను. ఆయన లేసు ఊడింది.

"అంకుల్, పట్టుకోండి!" అన్నాను గుసగుసగా.

"నోర్మూసుకుని పరుగెత్తు. అయిదో చుట్టు ఇంకా కాలేదు."

"మిమ్మల్ని అల్వాల్ పంపేస్తారట!"

"పంపనీ. నువ్వు అయిదు పూర్తి చెయ్యి, అప్పుడు వెళ్తాను."

ఇంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ కోపంలో పరుగెత్తాను. సగం చుట్టయ్యేసరికి కాళ్లు తేలిపోతున్నాయి. కుర్చీ పక్కన మా నాయనమ్మ రెండు మెట్లెక్కితేనే రొప్పే మనవణ్ణి నోరు తెరుచుకుని చూస్తోంది. నేను తూలబోయాను. అంతే, ఆవిడ చీర కొంగు నడుముకి బిగించి పార్కంతా దద్దరిల్లేలా అరిచింది.

"పరుగెత్తు! పరుగెత్తరా నరసరాజూ!"

అయిదో చుట్టు పూర్తయింది. నేను గడ్డి మీద వెల్లకిలా పడ్డాను. నాయనమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నరసరాజా? ముందే చెప్పొచ్చు కదమ్మా," అని రామభద్రరావుగారు కలం తెరిచారు.

"ఏమీ రాయకండి," అంది నాయనమ్మ. "అర్జీ వెనక్కి తీసుకుంటున్నా. మా ఆయన కూడా ఇంత దూరం ఎన్నడూ పరుగెత్తలేదు. ఈయన్ని ఇక్కణ్ణుంచి కదిలిస్తే మీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటా. ఆ బోర్డు తీసేదాకా కూడా కూర్చుంటా."

ఆఫీసరుగారు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత జకర్యాగార్ని పక్కకి పిలిచి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగారు. "రోజూ ఎన్నింటికి తరుముతావు?"

"అయిదింటికి సర్."

"మావాడు కూడా మెట్లెక్కలేడయ్యా. పంపిస్తే తరుముతావా?"

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. వార్డులోని అన్ని పార్కుల్లోనూ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలు ఆడుకోవచ్చు, గడ్డి కూడా తొక్కవచ్చు. రామభద్రరావుగారు ఆ కాగితం స్వయంగా తెచ్చి, చదవడానికి ఒళ్లో పెట్టుకుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఇంతలో వెనకనుంచి ఒక మేక వచ్చి ఉత్తర్వుని నోట కరుచుకుని గేటు వైపు పరుగు లంకించుకుంది.

"అయ్యో సార్, ఆర్డర్ పాయె!" అని బిక్షం మొత్తుకున్నాడు.

జకర్యాగారు మేజోళ్లు కూడా లాక్కోలేదు. మాకు తెల్లచొక్కా ఒక్కసారి మెరిసినట్టు కనబడింది, అంతే. మేక గేటు చేరేలోపే దాని చెవి ఆయన చేతిలో ఉంది, ఉత్తర్వు రెండో చేతిలో ఉంది. ఒక మూల మాత్రం కొద్దిగా నమిలి ఉంది. ఆయనకి ఆయాసం కూడా రాలేదు.

పిల్లలమంతా కొయ్యబారిపోయాం. మేకని పట్టుకున్న మనిషికి నేనో లెక్కా? ఆయన నా చూపు గమనించి, వెంటనే నడుం పట్టుకుని రొప్పడం మొదలుపెట్టారు.

"అంకుల్, ఇన్నాళ్లూ మీరు నిజంగా పరుగెత్తలేదు కదూ?"

"నిజంగానే పరుగెత్తాను. నువ్వే అందలేదు. మేకంటే నువ్వు చురుకు."

అది అబద్ధమని నాకు తెలుసు. అయినా ఆ మాట ఇప్పటికీ నాకు ఇష్టం.

ఆటలకి అనుమతి వచ్చింది కాబట్టి ఇక తరమాల్సిన పని లేదు. అయినా మర్నాడు అయిదింటికి మేమంతా గడ్డి మీద వరసగా నిలబడి ఆయన మేజోళ్ల వైపు చూశాం. ఆయన ఎంతసేపని తట్టుకుంటారు? వంగి లాక్కున్నారు. ఒక్కటే తేడా. ఆ పేరుకి ముందు 'ఒరేయ్' ఉండకూడదని మా నాయనమ్మ ఆయన దగ్గర మాట తీసుకుంది. అందుచేత ఆ రోజు నుంచీ సీతాఫల్‌మండి వీధి వీధంతా వినబడేలా ఆయన నా వెనక నాలుగడుగుల దూరంలో పరుగెడుతూ అరిచేవారు.

"నరసరాజుగారూ! ఆగండి! దయచేసి ఆగండి!"