ఎమ్మిగనూరు దారిలో కాగిన ఇంజన్

మా ఆయన కొన్న కారులో రెండే సీట్లు ఉండేవి. ఆ రెండు సీట్ల దగ్గరే అన్నదమ్ములకు చెడింది.

పంతొమ్మిదివందల డెబ్బైల చివరి మాట ఇది. మేం ఆదోనిలో ఉండేవాళ్ళం. ఆయన ఒక జిన్నింగు మిల్లులో పత్తి కొనుగోలు చూసేవారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆయన అన్నగారు, నాకు బావగారు, ఎమ్మిగనూరులో సొంత లారీ నడుపుకునేవారు. మా మామగారు తొందరగా పోవడంతో తమ్ముణ్ణి చదివించిందీ, స్టీరింగు పట్టడం నేర్పిందీ ఆయనే.

హొళగుంద దగ్గరున్న మెట్టచేను అమ్మినప్పుడు, ఇద్దరి వాటాలూ కలిపి రెండో లారీ తీసుకుందామని బావగారి ఆలోచన. ఈయన ఆ మాట విని కూడా మిల్లు పని మీద బొంబాయి వెళ్ళి, తన వాటా డబ్బుతో ఒక వ్యాపారి అమ్మకానికి పెట్టిన పాత జర్మనీ కారు తీసుకుని వచ్చారు. నేలకు అంటుకున్నట్టుండే పొట్టి కారు. ఇంజన్ వెనక ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఫ్యాను విసిరే గాలికీ, లోపల తిరిగే ఆయిలుకూ ఇంజన్ చల్లబడాలి.

బావగారు చూడటానికి వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి లోపలికి చూశారు.

"బాగుందిరా. మీ వదిన యాడ కూచోవల్ల?" అన్నారు.

ఈయన నవ్వారు. బావగారు నవ్వలేదు.

"రెండు సీట్ల బండి సూసి మరీ తెచ్చినావు. మేమెవరమూ వద్దనే గదా."

"నీ లారీలో మాత్రం నాకు యాడుందన్నా సీటు? క్లీనరు సీటేగా" అన్నారు ఈయన.

ఆ మాట ఎందుకన్నారో ఈయనకే తెలియదు. బావగారు నేను పెట్టిన టీ అట్లాగే వదిలేసి బస్టాండుకు నడిచి వెళ్ళిపోయారు.

ఒక నెల గడిచాక ఈయనకు మనసు లాగింది. "అన్న ఇంటి ముందర ఈ బండి ఆపుతా. దాంట్లో కూచోబెట్టి తిప్పుకొస్తా. కోపమంతా పోతాది" అన్నారు. ఒక ఆదివారం పొద్దున బయల్దేరాం. కారులో ఆయిలు వేడి చూపించే మీటరు ఒకటి ఉండేది. పచ్చగీత దాకా మంచిదే, ఎర్రగీతకు పోతే ఆపాలి. ఎదురెండకు ఆయనకు అది సరిగా కనిపించేది కాదు గనక దాన్ని చూడటం నా పని అయింది. ఊరు దాటి నల్లరేగడి చేలల్లోకి వచ్చేసరికే సూది పచ్చ దాటింది. సగం దారిలో ఎర్రగీత తాకింది.

రోడ్డు పక్కన ఆపి వెనక మూత ఎత్తారు. మాడిన ఆయిలు వాసన కొట్టింది. ఎద్దులబండి మీద పోతున్న రైతు ఒకాయన ఆగి, "నీళ్ళు పొయ్యప్పా" అన్నాడు.

"నీళ్ళు పోసే బండి కాదన్నా ఇది."

"నీళ్ళు తాగని బండి ఈ ఎండల్లో ఎట్ల బతుకుతాదప్పా" అంటూ ఆ రైతు వెళ్ళిపోయాడు.

చల్లారాక వెనక్కి తిప్పి ఇంటికి వచ్చేశాం.

ఆదోనిలో కొండ దిగువన షెడ్డు పెట్టుకున్న ఒక సాయబుల మెకానిక్కు ఉండేవాడు. మా ఆయన అతన్ని భాయ్ అని పిలిచేవారు, అతను ఈయన్ని అన్నా అనేవాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. అట్లాంటి ఇంజన్ ముట్టుకోవడం అతనికీ కొత్తే. "మొదలు ఆ మీటరు నిజం సెప్తాందో అబద్ధం సెప్తాందో సూద్దాం అన్నా" అన్నాడు. ఇంజన్లో వేడి పసిగట్టే ఇత్తడి బిళ్ళను విప్పి, పొడుగాటి వైర్లు తగిలించి, మా వసారాలో స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేలాడదీశారు. నేను స్కూలు ల్యాబు నుంచి థర్మామీటరు తెచ్చాను. నీళ్ళ వేడిని నేను చదువుతుంటే, కారులో కూర్చున్న ఆయన సూది ఎక్కడుందో అరిచి చెప్పేవారు. రెండూ కలిశాయి. మీటరు తప్పు చెప్పడం లేదు. ఇంజన్ నిజంగానే కాగుతోంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. పాత ఆయిలు తీసి కొత్తది పోశారు. తేడా లేదు. స్పార్కు ఆలస్యంగా పడుతోందేమోనని సరిచేశారు. కొంచెం మెరుగనిపించింది గానీ సగం దారి దాటలేదు. కార్బురేటరులో పెట్రోలు తక్కువ వస్తోందేమోనని విప్పి కడిగారు. ఇంజన్ చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీలు ఎండి రాలిపోయి, కింది వేడిగాలి మళ్ళీ ఫ్యానులోకే పోతోందని భాయ్ కనిపెట్టాడు. లారీ ట్యూబు కోసి పట్టీలు చేసి బిగించాడు. దానితో ఇంకొన్ని మైళ్ళు పోగలిగాం. ఎమ్మిగనూరు మాత్రం చేరలేదు.

ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా ఆ దారిలోనే బయల్దేరేవాళ్ళం. "ఎంతుంది?" అని ఆయన అడగడం, నేను సూది చూసి చెప్పడం. ఒట్టి మాటలే అయినా మా కాపురంలో అంతగా కబుర్లాడుకున్న రోజులు అంతకు ముందు లేవు. అది తల్చుకుంటే ఇప్పుడు సంతోషపడటానికి కూడా మనసు ఒప్పదు.

బస్సులో వెళ్దామని నేను చాలాసార్లు అన్నాను. బస్సెక్కితే గంట దారి.

"బస్సు దిగి పోతే ఏమంటాడు? నీ బండి ఏమాయెరా అంటాడు. బాగు కానీ, పోదాం."

భాయ్ కూడా ఒకసారి అన్నాడు. "మీ అన్న లారీ ఇంజన్లు ఇప్పిన మనిషి గదా. ఆయన్నే ఒకసారి పిల్చుకొస్తే పోలా?" ఈయన పానా తుడుస్తూ కూర్చున్నారు.

అట్లా ఏడాది గడిచింది. ఇంజన్ లోపలి భాగాలు అరిగాయని బళ్ళారి నుంచి వచ్చిన ఇంకో మెకానిక్కు చెప్పాడు. అవి బొంబాయి నుంచి రావాలి. ఇంజన్ విప్పడం భాయ్‌కు ఇష్టం లేదు. "కాగడానికి కారణం తెలీకుండా కడుపు కోసేది వద్దన్నా" అన్నాడు.

మళ్ళీ పత్తి సీజను వచ్చింది. మిల్లు నుంచి ఆ కారులో వచ్చేసరికి ఈయన తలా చొక్కా అంతా దూది నుసి. ఒక సాయంత్రం ఇంజన్ నడుస్తుండగా భాయ్ కింద పడుకుని, వేడిగాలి బయటికి వచ్చేచోట అరచెయ్యి పెట్టి చూశాడు. కుడివైపు గాలి బలంగా కొడుతోంది. ఎడమవైపు అంతగా లేదు. ఆయిలును చల్లబరిచే కూలరు ఉండేది ఆ వైపే, ఫ్యాను మీది రేకు తొడుగు లోపల. భాయ్ లేచి ఈయన చొక్కా చేతిమీది నుసి వంక చూసి, "అన్నా, ఈ బండి దినామూ మిల్లులోనే గదా నిలిపేది?" అన్నాడు.

నలుగురు మనుషుల్ని పెట్టి ఇంజన్ కిందికి దించారు. తొడుగు ఊడదీశారు. కూలరు రెక్కల సందుల నిండా దూది. ఫ్యాను రోజూ మిల్లు గాలిలోని నుసిని పీల్చి అక్కడ పేర్చింది. ఆయిలు జిడ్డుతో కలిసి అదంతా నల్లటి పరుపులా అతుక్కుపోయింది. గాలి దూరే సందే లేదు. భాయ్ దాన్ని పొరలు పొరలుగా ఊడదీస్తుంటే ఈయన పక్కనే గొంతుక్కూర్చుని చూస్తూ నవ్వారు. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

ఆ మర్నాడే, సోమవారం, ఎమ్మిగనూరు నుంచి మిల్లుకు పత్తి బేళ్ళ కోసం వచ్చిన లారీ క్లీనరు ఒకతను మా ఇంటికి వచ్చాడు.

"పెద్దాయనకు నాలిక కొంచెం మొద్దుబారిందన్నా. కుడి సెయ్యి కూడా సరిగ్గా ఆడడంల్యా. ఒకసారి వచ్చి పొమ్మని మీ వదిన సెప్పమనింది."

"రేపు పొద్దున బస్సుకు పోదాం" అన్నాను.

"ఇంజన్ కింద ఉండాది. ఆదివారానికి ఎక్కిస్తాడు భాయ్. బండిలోనే పోదాం."

"బండి కోసం మనిషిని ఆపుతారా?"

"మనిషి కోసమే గదా ఈ బండి బాగు చేస్తాండేది" అన్నారు. ఆ గొంతులో మొండితనం లేదు. నిజంగా అట్లాగే నమ్మారు. అది పక్షవాతం మొదలవడమని మా ఇద్దరికీ తట్టలేదు. చెయ్యి తిమ్మిరెక్కడం లాంటిదేదో అనుకున్నాం.

ఆదివారం బయల్దేరాం. "ఎంతుంది?" అని అడుగుతూనే ఉన్నారు. పచ్చలోనే ఉంది. మేం ఎప్పుడూ ఆగే చోటు దాటింది. ఆయన కిటికీ మీద చెయ్యి పెట్టి, "అన్న మొదలు ఇంజన్ మూత ఎత్తమంటాడు సూడు" అన్నారు. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వినిపించే వీధిలోకి తిరిగే దాకా సూది కదలలేదు.

అక్క, అంటే బావగారి భార్య, గడపలో నిలబడి ఉంది. కారు వంక చూడలేదు.

"ఇప్పుడొస్తిరా" అంది.

లోపల మంచం మీద బావగారు. నోరు ఒకపక్కకు లాగేసింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. తమ్ముణ్ణి చూడగానే ఆయన కళ్ళు కదిలాయి. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అందులో మాట లేదు.

"బుధారం దాకా మాట్లాడుతుండె" అంది అక్క. "ముద్దముద్దగా వస్తుండె గానీ తెలుస్తుండె. తమ్మునికి ఒక మాట సెప్పల్ల అని ఒకటే అనె. నాకు సెప్పు, నేను సెప్తా అంటి. కాదు, వానికే సెప్తా అనె. బుధారం ఆ జబ్బు మళ్ళీ వచ్చింది. ఇంగ మాట ల్యా."

ఈయన మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయారు.

కొంతసేపటికి బావగారు ఎడమచేత్తో వాకిలి వైపు చూపించారు. పక్కింటివాళ్ళు సాయం పట్టి ఆయన్ని కారులో కూర్చోబెట్టారు. ఇద్దరూ ఆ వీధి దాటి పోయారు. నేనూ అక్కా గడపలో నిలబడ్డాం. "రోడ్డు మీద కొత్త శబ్దం ఇనపడితే తమ్ముని బండేమో సూడు అంటుండె" అంది అక్క. నన్ను నిష్ఠూరమాడటానికి కాదు, ఊరికే గుర్తొచ్చి అంది.

తిరిగి వచ్చాక ఈయన చెప్పారు. దారిలో బావగారు ఎడమచెయ్యి ఈయన తొడ మీద వేసి ఏదో శబ్దం చేశారు. మళ్ళీ మళ్ళీ అదే శబ్దం. "ఏందన్నా? బండి గురించా? చేను గురించా? నా మీద కోపమా?" అని ఒక్కొక్కటే అడిగారట. బావగారు తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

ఆ ఏడే బెంగుళూరు మనిషి ఎవరో వచ్చి అడిగితే కారు అమ్మేశారు. అప్పటికి అది ఎంత దూరం పోయినా కాగేది కాదు. భాయ్ వద్దని చెప్పి చూశాడు. ఈయన వినలేదు.

బావగారు ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు బతికే ఉన్నారు. మాట రాలేదు. ఈయన ఆదివారం ఆదివారం బస్సులో వెళ్ళి ఆయనకు గడ్డం గీసి, స్నానం చేయించి, సాయంత్రానికి వచ్చేవారు. నేనూ అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. ఆ చెప్పాలనుకున్న మాట ఏమై ఉంటుందని మేం చాలాసార్లు అనుకున్నాం. క్షమించానని కావచ్చు. చేను సంగతి కావచ్చు. నాలుగు తిట్లు కావచ్చు. తిట్లయినా సరే, విని ఉంటే ఈయన తేలికపడేవారు.

గడ్డం గీస్తున్నప్పుడు బావగారి పెదవి ఏ కాస్త కదిలినా ఈయన కత్తి ఆపేసేవారు. నురగ ఆరిపోయేదాకా అట్లాగే మొహంలోకి చూస్తూ ఉండి, మళ్ళీ సబ్బు రాసి మొదలుపెట్టేవారు.