డిక్కీల దొరికిన దొంగ

చేతిల మీటరు ఉంటే లోకంల తెల్వనిదేదీ ఉండదనుకునే వయసు ఒకటుంటది. నాకది ఇరవై ఏండ్లకు వచ్చింది. కండ్లకోయ దిక్కు కాలేజీల ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిజేసి, మేడ్చల్‌ల కార్ల వైరింగ్ పనిచేసే ఒకాయన దగ్గర చేరి అప్పటికి మూడు నెలలు. ఆయనను అందరం ఉస్తాద్ అనేటోళ్ళం. ఉస్తాద్ ఒక్కసారి హారన్ కొట్టి, ఆ సప్పుడు విని కారు రోగం చెప్పేటోడు. నాకది నాటువైద్యం లెక్క అనిపించేది. నేనైతే రెండు తీగలు ఆనిచ్చి, అంకె చూసి, "పదకొండు పాయింట్ ఎనిమిది వోల్టులు" అని తీర్పు చెప్పినట్టు చెప్పేటోణ్ణి. (పన్నెండున్నర ఉండాలె. ఈ ఒక్క ముక్క తెలిసినందుకే అంత పొగరు.)

శామీర్‌పేట దగ్గర ఒక కొత్త కాలనీల, ఆంధ్ర నుంచి వచ్చిన బ్యాంకు మేడం ఒకామె ఉండె. ఆమె కారు పొద్దున లేస్తే స్టార్ట్ కాదు. నేనే పోయి, మీటరు పెట్టి, "బ్యాటరీ పోయింది మేడం" అని కొత్తది బిగించి వచ్చిన. మూడో రోజుకు అదీ పండుకున్నది. ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచిండు. "ఏందిరా, కొత్త బ్యాటరీ గిట్ల సస్తదా? ఆ కారుల ఏదో కూసొని కరెంటు తాగుతాంది. రేపు పొద్దున అయిదింటికి మేడం వాళ్ళమ్మను కంటి ఆపరేషన్‌కు తోల్కపోవాలె. ఆ యాళ్ళకు ఆ కాలనీకి ఏ బండీ రాదు. కారు కదలకనే, పోయినసారి ఆపరేషన్ తేదీ తప్పింది. ఈసారి గూడ తప్పిందో, ఇగ నువ్వు మీటరు ముట్టకు, కార్లు కడుగు" అన్నడు. ఆయన ఒర్రకుండ సల్లగ చెప్పిండంటేనే నాకు భయం.

నేను పోయేసరికి మధ్యాహ్నమైంది. మేడం బ్యాంకుల ఉన్నది, ఇంట్ల వాళ్ళమ్మ ఒక్కతే. తాళంచెవి నా చేతిల పెట్టి, "నీ మొహం నాకు మబ్బుపట్టినట్టు కనిపిస్తోంది నాయనా, ఏమనుకోకు" అన్నది. "పర్వాలేదవ్వా" అన్న. "అవ్వేంటి, మామ్మా అను" అని నవ్వింది.

వెంట తెచ్చిన వేరే బ్యాటరీ ఆనిచ్చి ఇంజన్ నడిపి చూస్తే వోల్టులు పద్నాలుగు దాటినయి. అంటే చార్జింగ్ మంచిగనే ఉన్నది. ఇగ బానెట్ తెరిచి, బ్యాటరీ నల్ల తీగ ఊడదీసి, నడుమ మీటరు తగిలించి, తలుపులన్ని లాక్ జేసిన. కారు పండుకున్నంక కూడా ఎంత కరెంటు తాగుతదో చూసే పద్ధతి అది. అర ఆంపియర్ చూపెట్టింది. అంటే ఎక్కడనో ఒక చిన్న బల్బు వెలుగుతాంది. అద్దంలకెళ్ళి చూస్తే లోపలంత చీకటే. ఇగ మిగిలింది డిక్కీ. మూత వేస్తే దాంట్ల బల్బు ఆరుతదా, ఆరదా? బయట నిలబడి ఎట్ల తెలుసుకోవాలె? ఇంజనీరు బుర్రకు ఒక్కటే ఉపాయం తట్టింది. డిక్కీ తాళం తీసి, ముడుచుకొని లోపల పన్న.

"మామ్మా, మూత వెయ్యుండ్రి."

"ఇందులోకెందుకు దూరావయ్యా? ఊపిరాడుతుందా?"

"ఒక్క నిమిషమే."

మూత పడ్డది. బల్బు ఆరలే! నా నెత్తిమీద దర్జాగ వెలుగుతనే ఉన్నది. "దొరికిండు దొంగ!" అని లోపల్నే చప్పట్లు కొట్టిన. "ఇగ తెరువుండ్రి మామ్మా!"

"తాళంచెవి ఏది నాయనా?"

తాళంచెవి నా జేబుల ఉన్నది. (డిక్కీకి లోపలి దిక్కు తాళం రంధ్రం ఎవ్వరూ పెట్టరు. ఎందుకు పెడ్తరు?) అయినా పరేషాన్ కాలే, రిమోట్ ఉన్నది గదా, తలుపుల లాకులు లేస్తే మామ్మ సీటు పక్కన మీట గుంజి డిక్కీ తెరుస్తది అని ఒత్తిన. నాలుగు తలుపుల లాకులు ఒక్కసారి లేవాలంటే మస్తు కరెంటు గుంజుతది. అదంత నా మీటరుల నుంచే పోవాలె. మీటరుల ఫ్యూజు కాలింది, బల్బు ఆరింది, కారంత సచ్చింది. చీకట్ల నాకూ స్టెప్నీకీ తేడా లేకుండ పోయింది.

"మామ్మా, జల్దీ ముందటికి పోండ్రి! ఒక లావు నల్ల తీగ ఊడి ఉంటది, దాన్ని బ్యాటరీ బొడిపె మీద నొక్కి పట్టుండ్రి!"

"నలుపో ఎరుపో నాకేం కనిపిస్తుంది?"

"తడమండ్రి. ఊగుతున్న లావుది అదొక్కటే."

"షాక్ కొడుతుందేమో!"

"కొట్టదు మామ్మా, పన్నెండు వోల్టులే!" అంటుంటే నా గొంతు ఏడుపు లెక్క వచ్చింది.

పాపం, ఆమె తడుముకుంట తడుముకుంట తీగ ఆనిచ్చింది. ఆనిచ్చుడుతోనే కారు సైరన్ కాలనీ అంత మోగింది. రిమోట్ ఒత్తిన, లాకులు టకటక లేచినయి. వాచ్‌మన్ ఉరికొచ్చి, "డిక్కీల మనిషున్నడు!" అని కర్ర లేపిండు. "మా మెకానిక్కేనయ్యా" అనుకుంట మామ్మ సీటు పక్కన మీట గుంజింది. పెట్రోలు మూత తెరుసుకున్నది. రెండో మీటకు నేను బయటవడ్డ.

చెమటలు తుడుసుకుంటుంటే మామ్మ మెల్లగ అడిగింది: "ఫోన్లో వీడియో పెట్టి లోపల పడేస్తే సరిపోయేది కదా నాయనా?"

నా డిప్లొమా మొత్తం ఆ ఒక్క మాట కింద పడి నలిగింది. మూత వేసినప్పుడు స్విచ్చును ఒత్తే ప్లాస్టిక్ ముక్క ఇరిగిపోయింది, అంతే. అక్కడ రబ్బరు ముక్క అతికించి, ఆమె ఫోన్‌తోనే వీడియో తీసి చూసిన. బల్బు ఆరింది. బ్యాటరీని పొద్దుగూకేదాక చార్జింగ్ పెట్టి వచ్చిన.

అయినా నమ్మకం కుదరలే. తెల్లారి అయిదింటికి వేరే బ్యాటరీని బైకు మీద కట్టుకొని పోయి, ఆ గల్లీ మలుపుల నిలబడ్డ. కారు ఒక్క తిప్పుకే స్టార్టయి నా ముందట నుంచే పోయింది. వాళ్ళు నన్ను చూడలే.

పది పదిహేను రోజులకు మేడం రమ్మంటే, కారు మళ్ళ ఒకసారి చూసొద్దామని పోయిన. మామ్మ నల్లద్దాలు పైకెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "అయ్యో, నువ్వింత చిన్నపిల్లాడివా! మెకానిక్ అంటే పెద్దవాడివనుకున్నాను. తెలిస్తే అందులోకి ఎక్కనిచ్చేదాన్నే కాదు" అన్నది. ఆ మాటకు ఎంత చిన్నతనమైందంటే, ఆ వారంల్నే మీసం పెంచుడు షురూ జేసిన.

ఇప్పుడు ఆ మీసంల తెల్ల ఎంటికలు కనబడుతున్నయి. దుకాణానికి వచ్చినోళ్ళు నన్నే ఉస్తాద్ అంటున్నరు, నేను చెప్పింది నోరెత్తకుండ నమ్ముతున్నరు. మంచిగనే ఉన్నది గని, నువ్వింత చిన్నపిల్లాడివా అనేటోళ్ళు ఒక్కరుంటే బాగుండు అనిపిస్తది అప్పుడప్పుడు.