కంప్యూటర్ గదిలో కూసిన సైరన్

"చెప్పుల్లేకుండ బొగ్గుబాయి కాడికి ఉరికినదానివి, నువ్వు పిల్లలకు కంప్యూటర్ చెప్తవానే" అని నన్ను కన్న మా అవ్వ ఇప్పటికీ ఏడిపిస్తుంటుంది. నవ్వితే నవ్వనీ. ఆ రోజు నాకు పట్టిన భయం తనకు పట్టి ఉంటే, అసలు ఆ బడి గడపే తొక్కనిచ్చేది కాదు.

నస్పూర్ బొగ్గుబాయి కాలనీలో పుట్టినవాళ్లకు గడియారం అక్కర్లేదు. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూస్తుంది. దాన్ని బట్టే వంటలు, స్నానాలు, బడి. వేళకాని వేళ కూసిందంటే మాత్రం పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలి ఆడవాళ్లంతా బాయి గేటుకు పరుగెత్తుతారు. లోపల ఏదో కూలిందన్నమాట. నేను ఆరో తరగతిలో ఉండగా అట్లా ఒకసారి కూసింది. అవ్వ కొంగు పట్టుకొని నేనూ పరుగెత్తాను. మా బాపు నడుచుకుంటూ పైకి వచ్చాడు. మా పక్కింటి మామను మోసుకొచ్చారు. అప్పటినుంచి బాపు డ్యూటీకి పోయాడంటే, తిరిగొచ్చే దాకా నాకు ముద్ద దిగేది కాదు.

ఎనభైల చివర, నేను ఎనిమిదిలో ఉండగా మా బడికి కంప్యూటర్ వచ్చింది. పెద్దసారు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మా తరగతుల్లో ఫ్యాన్లు కూడా లేవు, దానికి మాత్రం వేరే గది, కూలర్, కిటికీలకు తెరలు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. దేవుడి గదికి కూడా మేమంత మర్యాద ఇవ్వలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన కంప్యూటర్ సారు గొప్పగా చెప్పాడు: "దీనికి బుద్ధి ఉంటది. ఎవరికి ఎంత వస్తదో అదే చూసుకొని, దానికి తగ్గ లెక్క ఇస్తది." వచ్చే ఏడు కొత్తగా ఇంగ్లీషు మీడియం సెక్షన్ పెడతారని, అందులో ఎవరు కూర్చోవాలో కూడా అదే చెబుతుందని అన్నాడు.

ఆ మాట బాపు చెవిన పడింది. "గా మిషన్ కాడ జర మంచిగ చెయ్యి బిడ్డా. నువ్వు ఇంగ్లీషుల చదివితే నాకింక ఏ ఫికర్ లేదు" అన్నాడు. ఆయన ఫికర్ అట్లా తీరింది, నాది మొదలైంది.

పరీక్ష రోజు ఒక్కదాన్నే లోపలికి పోయాను. తలుపు మూశారు. తెర మీద పచ్చటి అంకెలు వచ్చాయి. మొదటి లెక్క వచ్చింది, చేశాను. రెండోదీ చేశాను. నాకు వస్తుందని గ్రహించి, అది ఇంకా గట్టి లెక్క ఇచ్చింది. దాని తెలివి తగలెయ్య! నాకు రాలేదు. తోచిన అంకె కొట్టాను.

అది కూసింది. సన్నగా మొదలై, పైపైకి లేచి, అక్కడే నిలిచి మోగిన కూత. అచ్చం మా బాయి సైరన్. ఆ మోత పెట్టినవాడు ఏ బొగ్గుబాయి పక్కనా ఒక్క పూటైనా ఉండి ఉండడు.

ఎట్లా లేచానో, తలుపు ఎట్లా తీశానో తెలియదు. మొదటి షిఫ్టులో బాపు లోపలున్నాడు, అదొక్కటే తెలుసు. మండుతున్న రోడ్డు మీద వట్టికాళ్లతో బాయి గేటు దాకా పరుగెత్తాను. "ఏం గాలే బిడ్డా, సైరన్ ఏడ కూసింది?" అన్నాడు గేటు కాడ కాపలా ఉండే తాత. నేను నమ్మలేదు. షిఫ్టు విడిచేదాకా గోడ వారన కూర్చున్నాను.

పైకి వచ్చేవాళ్లందరి మొహాలూ మసే. నేను బాపును గుర్తుపట్టక ముందే బాపు నన్ను గుర్తుపట్టాడు. నన్ను అక్కడ చూసి ఆయన బెదిరిపోయాడు.

"అవ్వకేమన్న అయిందా?"

"మిషన్ కూసింది బాపూ" అన్నాను. ఇంటికి పోయే దారి పొడుగునా జరిగిందంతా చెప్పాను.

తెల్లారి నుంచి బాపుకు షిఫ్టు మారింది; రెండో షిఫ్టుకు పోయే ముందు నన్ను వెంటబెట్టుకొని బడికి వచ్చాడు. పరీక్ష నడుమ లేచి బయటికి పరుగెత్తింది కాబట్టి మిషన్ నాకు సున్నా వేసిందన్నాడు కంప్యూటర్ సారు.

"సున్నా ఏస్తే ఏసిండ్రి సార్. గా మోత మాత్రం బంజెయ్యిండ్రి. గీ పిల్లల బాపులందరు బాయిలనే ఉంటరు" అన్నాడు బాపు.

"జర భయం ఉంటేనే చదువొస్తదయ్యా."

మా లెక్కల టీచర్ అప్పటిదాకా వరండాలో నిలబడి వింటున్నది. ఆమె నోటికి జడవనివాళ్లు బడిలో లేరు. "భయంతోనే చదువొస్తే, బాయిల దిగెటోళ్లంత ఈపాటికి కలెక్టర్లు అయితుండె సార్. ముందుగాల అది బంజెయ్యిండ్రి" అన్నది.

సారు గొణుక్కుంటూ మిషన్ వెనక ఒక వైరు పీకాడు. ఒక్క వైరు! నా ప్రాణం అంతసేపు దాని కొసన వేలాడిందా అని ఒళ్లు మండిపోయింది.

టీచర్ నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టి, కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నది. బాపు చెప్పులు చేత్తో పట్టుకొని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ముందుగాల తప్పు జవాబు కొట్టు" అన్నది టీచర్.

నా వేలు కదల్లేదు. వైరు పీకడం నా కళ్లతో చూశాను, అయినా నమ్మకం కుదరలేదు. ఇంకాసేపట్లో బాపు బాయిలోకి దిగుతాడు. తెలిసి తెలిసి తప్పెట్లా కొట్టను?

"నేనున్న గద. కొట్టు."

కళ్లు మూసుకొని కొట్టాను. గదిలో కూలర్ మోత తప్ప ఏమీ లేదు. కిటికీ అవతలికి కూడా చెవి పెట్టి విన్నాను. తెర మీద తప్పు అని ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతున్నాయి. మెల్లగా వెనక్కి తిరిగాను. బాపు గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"తప్పయింది బాపూ" అన్నాను.

"అయితే కానియ్యి బిడ్డా. నేనీడనే ఉన్న" అన్నాడు.