బొంత బరువు మోసిన చెనిక్కాయల మూటలు

మిషన్ మీద బొంత కుట్టే ఉపాయాన్ని తిరుపతిలో కనిపెట్టింది నేనే. శ్రీహరికోటలో రాకెట్‌కు కూడా అంత లెక్క కట్టి ఉండరని మా వీధంతా చెప్పుకున్నాను. అందులో నిజమెంతో ఇప్పుడు రాస్తున్నాను.

మా కూతురు మూడో నెల బిడ్డతో చంద్రగిరికి, అత్తారింటికి వెళ్ళాలి. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వెంట వెళ్ళడం మా ఇంటి పద్ధతి. మా ఆవిడ వేళ్ళకు సూది పట్టు తప్పింది కాబట్టి, తల్లీబిడ్డా పడుకునేంత బొంతను మిషన్ మీదికి ఎక్కించింది. సగం కుట్టేసరికి మిగతాదంతా బల్ల అంచున వేలాడుతూ గుడ్డను వెనక్కి లాగడం మొదలుపెట్టింది. కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సూదులు విరిగాయి. ఆ బరువును భుజాన వేసుకుని కుట్టి కుట్టి ఆమె అలసిపోయింది.

"ఇంక నా వల్ల కాదయ్యా. బుజం పీకతా ఉండాది. అంగట్లో దుప్పటి తెచ్చి పంపిద్దాం," అంటూ ముఖం తిప్పుకుంది.

క్యారమ్ బోర్డుకు చల్లినట్టు బల్ల మీద పౌడర్ చల్లాను. బొంత బ్రహ్మాండంగా జారింది, నేల మీదికి.

"ఏమయ్యా, బొంతకేమన్నా పెండ్లిసూపులా, పౌడర్ పూసినావు?"

ఆ తర్వాత మంచాన్ని మిషన్‌కు ఆనించి, దాని మీద చెనిక్కాయల మూటలు పేర్చి, బల్ల ఎత్తుకు సమం చేశానని నేను చెప్పే కథ. నిజానికి మూటలు మంచమెక్కింది ఎలుకల భయంతో. మంచం మిషన్ పక్కకు జరిగింది ఫ్యాను కింద నా కుర్చీకి చోటు కోసం. వేలాడే బొంతను ఆ మూటల మీదికి ఎత్తి, ఒక వరుస కుట్టి చూసింది మా ఆవిడ. నేను కునుకు తీస్తున్నాను.

"సూడు, సూడు! లాగడంలే! గోనె గరుకే పట్టేస్తా ఉండాది. నీ పట్టు పంచె యాడుండాది?"

"అది పెండ్లి పంచె కదే!"

"ఇప్పుడు నిన్నెవురు సేసుకుంటార్లే, ఇయ్యి."

ఇచ్చాను. మూటల మీద పట్టు పరిచాక, పక్కన చుట్ట చుట్టిన బొంత సూదితో పాటే మెత్తగా జరిగింది. ప్రయాణానికి రెండు రోజుల ముందే చివరి వరుస పూర్తయింది. ఆమె దారం తెంచి, కుట్ల మీద అరచేయి రాసి చూసుకుంది.

"పెట్టెలో ఇంకా సీరలుండాయేమో సూడయ్యా," అంది.