ఊఁ కొట్టే ఇన్‌ఛార్జి గారు

గుణదలలో నా మొదటి ఉద్యోగం. కంప్యూటరు చేత పని చేయించే ఏ చిన్న స్క్రిప్టు నడపాలన్నా ముందు మా ఇన్‌ఛార్జి గారికి చదివి వినిపించాలి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, కథ వింటున్నట్టు ప్రతి లైనుకీ "ఊఁ" కొట్టేవారు. నలుగురిలో నోరు విప్పలేని నాకు అది పెద్ద శిక్ష.

ఊరూరా ఉన్న మా బ్రాంచీలను హెడ్డాఫీసుతో కలిపే రౌటర్ల సెట్టింగుల ఫైళ్ళు వాటంతటవే దిగి, హెడ్డాఫీసు కొత్త నెట్‌వర్క్ నంబరు చేర్చుకుని, తిరిగి ఎక్కేలా స్క్రిప్టు రాశాను. తప్పు జరిగితే బ్రాంచీలన్నీ ఆగిపోతాయి.

గొణుగుతూ చదివాను.

"గట్టిగా అమ్మా, రౌటర్లకి వినపడాలి."

ఒక లైను దగ్గర ఊఁ రాలేదు. మళ్ళీ చదివాను. అప్పుడు కనిపించింది: ముందు చల్లపల్లి బ్రాంచీ ఫైలు మీద పరీక్షించి, స్క్రిప్టులో ఆ పేరు తీయడం మరిచిపోయాను. అన్నిచోట్లా చల్లపల్లి సెట్టింగులే ఎక్కేవి!

"ఊళ్ళన్నీ చల్లపల్లి చేసేద్దామనా?" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే. ఆఫీసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

దిద్ది నడిపాను. ఒక్కో బ్రాంచీ లైన్లోకి వస్తుంటే పేరు పైకి చదివాను.

"మంగళగిరి."

"ఊఁ."

"గుడివాడ."

"ఊఁ."

"చల్లపల్లి."

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఒక్కటేగా?"